జవాబు రాని మనవులను కొత్త పుస్తకంలోకి ఎక్కించాలా?

తిరుపతిలో మేము వెళ్ళే క్రైస్తవ సంఘంలో ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన జరుగుతుంది. ఆ ప్రార్థనకు ఒక పుస్తకం ఉంది. ఆఫీసుల్లో హాజరు వేసే పొడవాటి రిజిస్టరు అది. తేదీ, పేరు, ఊరు, మనవి, జవాబు అని స్కేలు పెట్టి గీసిన అయిదు గడులుంటాయి. జవాబు వచ్చినప్పుడు ఆఖరి గడిలో ఎర్ర సిరాతో టిక్కు పడుతుంది. టిక్కు పడినవారు ఆదివారం ఆరాధనలో లేచి, తమకు జరిగిన మేలు గురించి సాక్ష్యం చెబుతారు. డిసెంబరు చివరలో, పాత సంవత్సరపు రాత్రి ఆరాధనకు ముందు, కొత్త రిజిస్టరు కొని ఇంకా జవాబు రాని మనవులను అందులోకి ఎక్కించడం ఆనవాయితీ. ఈసారి ఆ పని నాకూ మరో ఇద్దరికీ అప్పగించారు. మేము రాసుకుంటూ ఉండగా సంఘ పెద్ద ఒకాయన వచ్చి, పేజీలు తిరగేసి, "ఇవన్నీ మళ్ళీ ఎందుకన్నా? మూడేండ్లుగా అవే పేర్లు చదవతా ఉంటే కొత్తగా వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు? ఈ ఆరు నెల్లలో వచ్చినవి మాత్రం ఎక్కించండి, చాలు" అన్నారు.

ఆయన రాతిగుండె మనిషి కాదు. అర్ధరాత్రి ఎవరికి ఆయాసం వచ్చినా వ్యాను తీసుకుని ముందుగా వచ్చేది ఆయనే. సంఘంలో ఎంతోమందిని వేలూరు తీసుకెళ్ళి చూపించినదీ ఆయనే. అందుచేత ఆ మాటను విసుగుతో అన్న మాటగా కొట్టిపారేయలేకపోయాను. ఆలోచించగా నాకు తేలినది ఇది: తోటి విశ్వాసుల అక్కరల కోసం ఒక సంఘం నిజంగా ప్రార్థిస్తోందా లేదా అన్నది ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండిపోయిన ఆ ఆఖరి గడుల దగ్గరే తెలుస్తుంది. ఆ మనవులను వదిలేయకూడదు. అలాగని మూడేళ్ళ కిందట రాసిన వాక్యాన్నే అక్షరం మారకుండా చదువుతూ పోవడమూ సరికాదు. మొదటి మాట చెప్పడం సులువు. నన్ను చిక్కులో పెట్టింది రెండోదే.

ఎవరి మనవులు జారిపోతాయి

పుస్తకంలో త్వరగా టిక్కు పడే మనవులు కొన్ని ఉన్నాయి. వీసా ఇంటర్వ్యూ, డీఎస్సీ ఫలితం, పెళ్ళి సంబంధం, సుఖప్రసవం, మోకాలి ఆపరేషను, ఇంటి లోను. వీటికి ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ గడిచేసరికి అయిందో కాలేదో తేలిపోతుంది. కాకపోయినా, వచ్చే సంవత్సరం మరో మనవిగా అది తిరిగి వస్తుంది. తేదీ లేని మనవులు వేరు. తాగుడు మానని కొడుకు, ఏళ్ళు గడిచినా కడుపు పండని కోడలు, కోర్టులో నానుతున్న స్థలం తగాదా, కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళి ఫోను చేయడం మానేసిన భార్య, గది దాటి బయటకు రాని కూతురు. ఇలాంటివి మొదటి నెలలో గట్టిగా వినిపిస్తాయి. తరువాత "ఇంకా పుస్తకంలో ఉన్న మనవులన్నిటినీ ప్రభువు సన్నిధిలో పెట్టుదాం" అన్న ఒక్క మాటలో కలిసిపోతాయి. ఆ తరువాత ఆ మనవి చెప్పుకున్న మనిషి ముందు వరుసలోంచి గోడ పక్కకు, గోడ పక్కనుంచి గుమ్మం దగ్గరకు జరిగిపోవడం చూశాను.

ఇటీవలి వరకు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళి వచ్చిన ఒక అక్క మా సంఘంలో ఉండేది. మంగళ, గురు, శనివారాలు ఆసుపత్రి, శుక్రవారం ప్రార్థన. ఎడమ చేతికి డయాలసిస్ కోసం చేసిన ఫిస్ట్యులా ఉన్నచోట కొంగు కప్పుకుని, కుర్చీ మీద కూర్చునేది. చాపల మీద కూర్చుంటే లేవలేదు. మొదట్లో ఆమె పేరు ప్రతి వారం చదివేవారు. తరువాత, ఎవరూ నిర్ణయించకుండానే, చదవడం ఆగిపోయింది. కొన్ని వారాలు చూసి, ఒక శుక్రవారం కూటం అయిపోయి అందరూ మజ్జిగ తాగుతూ ఉండగా, ఆమె పాస్టరమ్మగారి దగ్గరకు వెళ్ళి నవ్వుతూనే అడిగింది: "నా పేరు చదవడం లేదేమమ్మా? నేను చచ్చిపోతినేమో అనుకుంటిరా?" అమ్మగారు ఆమె చెయ్యి పట్టుకున్నారు గాని, జవాబు చెప్పలేకపోయారు. పక్కనే గ్లాసులు అందుకుంటున్న నాకు ఆ మాట స్పష్టంగా వినబడింది.

ఆమె పేరును ఎవరూ కావాలని తీసేయలేదు. మన సంఘాల్లో ప్రార్థన మనవి నడిచే తీరే అలాంటిది. సాక్ష్యంగా మారగల మనవికి ఊపు ఉంటుంది, మారలేనిదానికి ఉండదు. తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళం గనుక మొక్కు, తీరడం, చెల్లించడం అనే వరుస చిన్నప్పటి నుంచీ మన చుట్టూ ఉన్నదే. మనం దానికి వేరుగా ఉన్నామని అనుకుంటాము గాని, మన రిజిస్టరులోని ఆ ఆఖరి గడిని చూస్తే అంత వేరుగా ఏమీ లేము. పైగా, కోరిక తీరకపోయినా ఏటా అలిపిరి మెట్ల మీదుగా నడిచి వెళ్ళేవారు మా వీధిలోనే ఉన్నారు. తీరనిదాన్ని మోస్తూ నడవడం ఎలాగో వాళ్ళకు తెలుసు.

ఇక్కడ ఒక పక్కమాట. ఒకే శుక్రవారం, పాకాల వైపు నుంచి వచ్చే రైతు ఒకాయన వాన కోసం, ఇటుకల బట్టీ పెట్టుకున్న తమ్ముడొకడు బట్టీ కాలేదాకా వాన పడకూడదని మనవులు రాయించారు. చదివే అక్క రెంటినీ ఒకే గొంతుతో, ఒకదాని వెంట ఒకటి చదివేసింది. అందరమూ రెంటికీ ఆమేన్ అన్నాము. మనవిని వినకుండానే ఆమేన్ అనగలమని ఆ రోజు రుజువైంది గనుక, చదివినంత మాత్రాన ప్రార్థించినట్టు కాదన్న పెద్దాయన వాదనలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి.

సాక్ష్యం చెప్పినవాడి ఇబ్బంది

టిక్కు పడినవారికైనా అంతా సుఖంగా ఉంటుందా అంటే, అదీ లేదు. మా సంఘంలో ఒక సహోదరుడు తన వెన్నునొప్పి పోయిందని ఆదివారం సాక్ష్యం చెప్పాడు. చప్పట్లు కొట్టాము, స్తోత్రం చెప్పాము. కొన్ని నెలలకు నొప్పి తిరగబెట్టింది. ఆ సంగతి అతని భార్య ద్వారా మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "అందరి ముందరా బాగయిందని చెప్పినాను గదన్నా, ఇప్పుడు మళ్ళీ నొస్తా ఉందంటే దేవుని నామానికి అవమానం కాదా?" అన్నాడు. అతడు నొప్పిని ఒక్కడే భరించాడు, దానికి తోడు దేవుని పరువు కాపాడే పనిని కూడా నెత్తిన వేసుకున్నాడు. ఆ పని అతనికి ఎవరు అప్పగించారు? మేమే, ఆ గడి గీసినవాళ్ళం.

దీనికి దగ్గరగా ఉన్న ఒక విషయాన్ని డిగ్రీ కళాశాలలో జీవశాస్త్రం చెప్పే మిత్రుడొకడు నా ముందు పెట్టాడు. అతడు విశ్వాసి కాడు, కాని వెక్కిరించే మనిషీ కాడు. 2006లో అమెరికన్ హార్ట్ జర్నల్‌లో హెర్బర్ట్ బెన్సన్ బృందం ప్రచురించిన పరిశోధన అది. ఆరు ఆసుపత్రుల్లో గుండెకు బైపాస్ ఆపరేషను చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు "మీ కోసం ప్రార్థన జరగవచ్చు, జరగకపోవచ్చు" అని చెప్పి ప్రార్థన చేయించారు. రెండో గుంపుకు అదే మాట చెప్పి చేయించలేదు. మూడో గుంపుకు మాత్రం "మీ కోసం తప్పకుండా ప్రార్థన జరుగుతుంది" అని చెప్పి చేయించారు. ఆపరేషను తరువాత ఇబ్బందులు తలెత్తినవారు మొదటి గుంపులో 52 శాతం, రెండో గుంపులో 51 శాతం. ప్రార్థన జరుగుతోందని తెలిసిన మూడో గుంపులో 59 శాతం. "మీ ప్రార్థన వల్ల మేలు జరగకపోగా, తెలిస్తే కీడు జరిగేటట్టుందే" అన్నాడు మిత్రుడు.

దీనికి మన వాళ్ళు సాధారణంగా చెప్పే జవాబు "దేవుని పరీక్షించకూడదు" అని. ఆ జవాబుతో నాకు తృప్తి లేదు. ఆ పరిశోధనలో ప్రార్థించినవారికి రోగి మొదటి పేరు, ఇంటిపేరులోని తొలి అక్షరం మాత్రమే తెలుసు. ఆపరేషను సవ్యంగా జరగాలని, ఇబ్బందులు లేకుండా త్వరగా కోలుకోవాలని ముందే రాసిచ్చిన మాటను వారు తమ ప్రార్థనలో చేర్చాలి. రోగి వారికి తెలియదు, వారు రోగికి తెలియదు. ఆపరేషను అయిన మర్నాడు ఎలా ఉందని అడిగేవారు లేరు. తోటి విశ్వాసి కోసం చేసే ప్రార్థనలోంచి తోడును, పరిచయాన్ని తీసేసి మిగిలినదాన్ని తూచారు అని నేను అతనితో అన్నాను. అతడు ఒప్పుకోలేదు. "దేవుడు వినేవాడైతే పరిచయం ఉంటేనేం, లేకపోతేనేం?" అన్నాడు. ఆ ప్రశ్న గట్టిదే. దానికి నా దగ్గర తూకానికి నిలిచే జవాబు లేదు. ప్రార్థన పనిచేస్తుందని అంకెలతో రుజువు చేయడం నా వాదన కానూ కాదు. నన్ను నిలిపేసింది ఆ 59 శాతమే. తమ కోసం ప్రార్థిస్తున్నారని తెలియడం రోగుల్లో ఆందోళన పెంచి ఉండవచ్చునని కొందరు అన్నారు. అది అక్కడ నిజమో కాదో గాని, మా సంఘంలో వెన్నునొప్పి దాచుకున్న సహోదరుడి విషయంలో మాత్రం అక్షరాలా నిజం. నీ కోసం ప్రార్థిస్తున్నాము అన్న మాట వెనక "కాబట్టి నువ్వు బాగుపడి చూపించాలి" అన్న మాట దాగి ఉంటే, అది రోగి మీద ఇంకొక బరువు.

యాకోబు, పేతురు, త్రోఫిము

సంఘ ప్రార్థన గురించి ప్రసంగం చేయాలంటే మన పాస్టర్లు ఎక్కువగా తీసుకునేది అపొస్తలుల కార్యములు పన్నెండో అధ్యాయం. పేతురు చెరసాలలో ఉన్నాడు, సంఘం అత్యాసక్తితో ప్రార్థించింది, దూత వచ్చి సంకెళ్ళు ఊడగొట్టాడు. పేతురు వచ్చి తలుపు తడితే రొదే అనే చిన్నది ఆ సంతోషంలో తలుపు తీయడం మరచి లోపలికి పరుగెత్తింది. లోపల ప్రార్థిస్తున్నవారు ఆమెకు పిచ్చి పట్టిందన్నారు. ఎన్నిసార్లు విన్నా నవ్వు తెప్పించే ఘట్టం. కాని అదే అధ్యాయం రెండో వచనంలో హేరోదు యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించాడు. ఒక్క వచనం, అంతే. యాకోబు కోసం సంఘం ప్రార్థించిందో లేదో ఆ గ్రంథం రాసిన లూకా రాయలేదు. ప్రార్థించలేదని మాత్రం ఎవరు అనగలరు? పేతురు కోసం రాత్రంతా కూర్చున్నవారు యాకోబు పట్టుబడినప్పుడు హాయిగా పడుకుని ఉంటారా?

నాకు ఈ అధ్యాయంలో దూత కంటె పెద్ద అద్భుతం ఆ మనుషులు మళ్ళీ కూడుకోవడమే. యాకోబు మరణం చూసినవారే మరియ ఇంట్లో తలుపులు వేసుకుని పేతురు కోసం మోకరించారు. "పోయినసారి ఏమైందో చూశాంగా" అని ఒకరైనా అని ఉంటారు. పేతురు బయట నిలబడి తడుతున్నా వారు నమ్మకపోవడానికి నాకు తోచే కారణం కూడా అదే. టిక్కు పడని మనవి ఒకటి వారి గుండెల్లో పచ్చిగా ఉంది. దాన్ని మోస్తూనే రెండోదాని కోసం ప్రార్థించారు. ఈ కూటం గురించి నేను విన్న ప్రసంగాల్లో యాకోబు పేరు ఎత్తినవి చాలా తక్కువ.

పౌలు తన పత్రికల్లో ఇంకా నిర్మొహమాటంగా ఉంటాడు. తిమోతికి రాసిన రెండో పత్రిక ఆఖరులో, అంగీ తెమ్మని, పుస్తకాలు తెమ్మని చెబుతూ, మధ్యలో "త్రోఫిము రోగియైనందున అతనిని మిలేతులో విడిచివచ్చితిని" అంటాడు. సాకు చెప్పలేదు. అతని విశ్వాసం చాలలేదనీ అనలేదు, తాను ప్రార్థించాననీ అనలేదు. ఎఫెసులో ఇతని చేతిగుడ్డలు ఆనినా రోగులు బాగుపడ్డారని చదువుకున్న మనకు, తోటి పనివాడు జబ్బుతో మంచం మీద ఉండిపోయాడన్న వార్తను ఇతడు అంత మామూలుగా రాయడం ఆశ్చర్యమే. ఖాళీ గడిని ఖాళీగానే ఉంచి, ఆ పేరును మాత్రం చెరిపేయకుండా రాసిన మనిషి అతడు.

అదే ప్రార్థనను ఎన్నాళ్ళు చేయాలి?

ఇక పెద్దాయన పక్షాన నిలబడే బలమైన వాదన ఒకటుంది, అది కూడా పౌలు దగ్గరిదే. తన శరీరంలోని ముల్లు తొలగాలని మూడుసార్లు ప్రభువును వేడుకున్నాడు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు విని ఆగిపోయాడు. నాలుగోసారి అడిగినట్టు లేదు. కాబట్టి ఏళ్ళ తరబడి ఒకే మనవిని చదవడం విశ్వాసం కాదు, దేవుడు కాదన్న మాటను వినిపించుకోకపోవడమే అని ఎవరైనా అంటే? లూకా సువార్త పద్దెనిమిదో అధ్యాయంలోని విధవరాలి ఉపమానాన్ని దీనికి ఎదురుగా పెట్టి, విసుకక ప్రార్థించమని ప్రభువే చెప్పాడని నేను అనవచ్చు. కాని వచనానికి వచనం ఎదురుపెట్టుకుంటూ పోతే ఇద్దరమూ గెలుస్తాము, అక్కడ కుర్చీలో కూర్చున్న అక్క సంగతి ఎవరికీ పట్టదు.

నేను గమనించినది ఇది. పౌలు విషయంలో చాలు అన్న జవాబు విన్నది పౌలే. కొరింథు సంఘం కమిటీ వేసుకుని, మూడుసార్లు అయింది గనుక ఇతని పేరు తీసేద్దామని తీర్మానం చేయలేదు. ఒకరి తరఫున మనవి చేయడానికి మనకు ఆజ్ఞ ఉంది. ఒకరి తరఫున "కాదు" అన్న జవాబును విని, వారికి చెప్పకుండానే కొట్టివేయడానికి మనకు అధికారం ఎక్కడిది? ఆ మనిషి తానే వచ్చి, "ఇక దీని గురించి అడగవద్దు, నాకు నెమ్మది కలిగింది" అంటే అది వేరే సంగతి. అలా అన్నవారిని కూడా ఎరుగుదును.

కాబట్టి చేయవలసిన పని, వెళ్ళి అడగడం. డయాలసిస్ అక్క "చచ్చిపోతినేమో అనుకుంటిరా" అన్న తరువాతి వారం అమ్మగారు ఆమె ఇంటికి వెళ్ళారు. కొర్లగుంటలో రెండో అంతస్తు, లిఫ్టు లేదు. రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా "కిడ్నీలు బాగుపడాలి" అని ఉంది. "ఇప్పుడు నీ కోసం ఏమని ప్రార్థించాలమ్మా?" అని అడిగితే ఆమె ముందు కిడ్నీల మాటే ఎత్తలేదట. డయాలసిస్ అయిన రోజు ఈ మెట్లెక్కడానికి ప్రాణం పోతోందని, కింది వాటా ఖాళీ అవుతుందంటున్నారు గాని ఇంటివాళ్ళు బాడుగ ఎక్కువ చెబుతున్నారని, ఇంటర్ చదివే కొడుకు తనతో మాట్లాడడం తగ్గించాడని చెప్పింది. ఇంటి ఓనరుతో మాట్లాడడానికి పెద్దాయనే వెళ్ళారు. కొడుకు సంగతి ప్రార్థనలో పెట్టారు. కిడ్నీల మనవి కూడా పుస్తకంలోనే ఉంది, ఆమె ఉంచమంది గనుక. "దేవునికి కష్టమేం గాదు గదా, ఉండనీండి" అందట.

మేము ఇంతకాలం చదివినది ఆమె మనవే, కాని పాతది. అక్కర కదులుతుంది. పిల్లల కోసం ప్రార్థించమన్న దంపతులు కొన్నాళ్ళకు దత్తత గురించి ఆలోచిస్తుంటారు, మనం మాత్రం ఇంకా వారి గర్భఫలం కోసమే కన్నీళ్ళు పెడుతుంటాము. తాగుబోతు కొడుకు మారాలని మొదట రాయించిన తల్లికి, తరువాత్తరువాత, వాడు ఇంట్లో కొట్టకుండా ఉంటే చాలునన్నది అసలు మనవి అవుతుంది. అది పైకి చెప్పుకోలేదు. ఎవరూ వెళ్ళి అడగకపోతే మొదటి వాక్యమే అలా నిలిచిపోతుంది. దాన్ని చదివి విసుగు వస్తోందంటే తప్పు మనవిది కాదు.

దీనికి సమయం ఎక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రెండు గంటల ప్రార్థనలో వందకు పైగా మనవులు ఉంటే ఒక్కొక్కదానికి నిమిషంన్నరైనా రాదు. ప్రార్థన పొడవు గురించి నాకు పెద్ద బెంగ లేదు. మిర్యాముకు కుష్ఠు వచ్చినప్పుడు మోషే చేసిన ప్రార్థన "దేవా, దయచేసి యీమెను బాగుచేయుము" అన్న ఒక్క వాక్యమే, అదీ తన మీద సణిగిన అక్క కోసం. చిత్తూరులో మా నాయనమ్మ వెళ్ళిన సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) గుడిలో అచ్చు పుస్తకంలోని విజ్ఞాపనలో రోగులు, విధవరాండ్రు, ప్రయాణంలో ఉన్నవారు అందరూ కొన్ని నిమిషాల్లో వచ్చేసేవారు. దానికి జవాబు గడి లేదు. ప్రతి ఆదివారం, ఏళ్ళ తరబడి, అవే మాటలు. చిన్నప్పుడు అది నాకు జీవం లేని తంతుగా తోచేది. ఇప్పుడు ఆ పద్ధతిలో ఒక మర్యాద కనబడుతోంది. ఫలితం చూపిస్తేనే నీ పేరు ఎత్తుతాము అని ఆ పుస్తకం ఎవరితోనూ అనలేదు. దాని లోపమూ స్పష్టమే. రోగులందరి కోసం ప్రార్థించి, పక్క బెంచీలో ఉన్న రోగి పేరు తెలుసుకోకుండా ఇంటికి వెళ్ళిపోవచ్చు. మా శుక్రవారపు రిజిస్టరుకు పేర్లు తెలుసు, ఆ ఓపిక లేదు.

ప్రార్థన చేసి ఊరుకోవడం

యాకోబు పత్రిక రెండో అధ్యాయంలోని హెచ్చరిక అందరికీ కంఠతా వచ్చినదే గనుక దాన్ని ఇక్కడ తిరిగి చెప్పను. బట్ట, భోజనం ఇవ్వకుండా "తృప్తిపొందుడి" అన్నవారి సంగతి అది. మన ప్రాంతంలో ఆ మాట వినకుండా ప్రార్థించడం నిజానికి కష్టం. చిత్తూరు దాటి కాసేపు వెళితే వేలూరు. అక్కడ 1900లో మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలే ఇప్పటి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ). కాట్పాడి రైల్లో ఫైళ్ళు, స్కానింగు కవర్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనవాళ్ళు కనబడని రోజు ఉండదు. మా సంఘంలో "వేలూరుకు తోడు వెళ్ళడం" అన్నది ప్రార్థనలో భాగమైపోయింది. ఒకరు మందుల వరుసలో నిలబడితే ఒకరు లాడ్జి గదిలో గంజి కాస్తారు.

పాత చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. వేర్వేరు మిషన్లు కలిసి 1912లో మొదలుపెట్టిన క్షయ వైద్యశాల అది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ దాన్ని ఏళ్ళ తరబడి నడిపించారు. క్షయను నయం చేసే మందు స్ట్రెప్టోమైసిన్‌ను కనుక్కొన్నది 1943లో. అంటే మొదటి మూడు దశాబ్దాలు అక్కడి చికిత్సలో ముఖ్యమైనవి విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి. రోగులు నెలలు, కొందరు ఏళ్ళు, మంచం మీద ఉండేవారు. అలాంటి చోట వచ్చే శుక్రవారానికి సాక్ష్యం రావాలన్న ధోరణి ఎలా కుదురుతుంది? ఆ మంచాల పక్కన ప్రార్థించినవారు జవాబు కోసం ఎదురుచూస్తూనే, అది రాకపోయినా మర్నాడు పాలు, గుడ్లు తెచ్చి ఇచ్చి ఉంటారు. మందు లేని రోజుల్లో మన జిల్లాలోనే అంత ఓపిక ఉన్నప్పుడు, మూడేళ్ళ మనవులకు మనం అలసిపోవడం నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

ఎక్కువ కాలం పేరు చదివితే మనిషి గుట్టు బయటపడుతుందన్న అభ్యంతరం కూడా ఉంది. దాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఒక అమ్మాయి మనోవ్యాధి గురించి రాసిన మనవిని ఎవరో ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే, అది తిరిగి తిరిగి పెళ్ళివారి ఫోనుకు చేరింది. చేతులు జోడించిన బొమ్మలు నలభై వచ్చాయి, సంబంధం మాత్రం పోయింది. అలాంటి మనవులు పుస్తకంలోకే రాకూడదు. పాస్టరు దంపతులకో, ఆ మనిషి నమ్మిన ఇద్దరికో తెలిస్తే చాలు. కాని గుట్టుగా ఉంచడానికీ మరచిపోవడానికీ చాలా తేడా ఉంది. గుట్టు పేరుతో మరచిపోవడమే మన దగ్గర ఎక్కువ.

గీత కొట్టిన పేర్లు

ఆ డయాలసిస్ అక్క ఈ నవంబరులో ప్రభువు నందు నిద్రించింది. ఇటీవలి వరకు అని పైన రాసింది అందుకే. రిజిస్టరులో ఆమె వరుస మీద ఎవరో స్కేలుతో తిన్నగా గీత కొట్టి, పక్కన తేదీ వేశారు. చనిపోయినవారి కోసం మనం ప్రార్థించము గనుక మన బోధ ప్రకారం ఆ గీత సరైనదే. కాని ఆ వరుసలోనే కొడుకు మాట ఉంది. ఇంటర్ రెండో సంవత్సరం, అమ్మతో మాట్లాడడం తగ్గించిన పిల్లవాడు. ఆమె పేరుతో పాటు అతని మాట కూడా ఆ గీత కింద పడిపోయింది. కొత్త పుస్తకంలోకి అది ఎక్కలేదు, ఎక్కించాలని ఎవరికీ తోచలేదు.

మన సంఘాల్లో మరణం జరిగిన ఇంటికి మొదటి పది రోజులు మనుషులకు కరువుండదు. సమాధి కార్యక్రమం, ఆ తరువాత జ్ఞాపకార్థ కూడిక, పాటలు, వాక్యం, భోజనాలు. కుర్చీలు, షామియానా తీసేసిన మర్నాటి నుంచి ఆ గుమ్మం తొక్కేవారు తగ్గిపోతారు. భర్త పొద్దున డ్యూటీకి వెళ్ళిపోతాడు, పిల్లవాడు తాళం తీసుకుని ఇంట్లోకి వెళతాడు. జబ్బుగా ఉన్నంత కాలం ఆ ఇంటి కోసం ప్రార్థించినవాళ్ళం, జబ్బు మనిషి పోగానే ఆ ఇంటికి అక్కర తీరిపోయినట్టు ప్రవర్తిస్తాము.

కొత్త రిజిస్టరు విషయంలో పెద్దాయనా నేనూ చివరకు సగం సగం ఒప్పందానికి వచ్చాము. పాత మనవులన్నీ ఎక్కుతాయి. కాని ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి, ఇప్పుడు ఏమని రాయమంటారో అడిగి, వారు చెప్పినదే ఎక్కించాలి. వద్దన్నవారివి వద్దు. ఇళ్ళ జాబితాను వీధులవారీగా పంచుకున్నాము. బైరాగిపట్టెడ, కొర్లగుంట నా వంతుకు వచ్చాయి. జవాబు గడి తీసేయాలన్న నా కోరికకు ఆయన ఒప్పుకోలేదు. "సాక్ష్యాలు లేకపోతే జనానికి విశ్వాసం ఎట్లా పెరగతాదన్నా?" అన్నారు. ఆ గడి ఉండనీ, దాని పక్కన "చివరిగా కలిసిన తేదీ" అని ఇంకొక గడి గీద్దామన్నాను. దానికి ఒప్పుకున్నారు. గీత కొట్టిన పేర్ల కింద ఇంటివాళ్ళ పేర్లు కొత్త వరుసగా మొదలుపెట్టాలన్న మాట ఇంకా తేలలేదు. పుస్తకం పెరిగిపోతుందని ఆయన అభ్యంతరం. ఫిబ్రవరి కమిటీలో మాట్లాడదామన్నారు. పిల్లవాడి పరీక్షలు దగ్గరపడుతున్నాయి గనుక, అంతవరకు ఆగకుండా ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కొర్లగుంటకు వెళుతున్నాను.